సెనైదా మిస్ చెప్పని ఏడో పాఠం

మా సాయాపంప బడిలో మంచితనం మాట వస్తే ముందు సెనైదా మిస్ పేరే చెప్పుకునేవాళ్ళు. అక్టోబరు వచ్చిందంటే సికువాని పట్నంలో జరిగే కవాతుకి పిల్లల్ని తయారుచెయ్యాలి. డప్పులు, బూట్లు, మోకాళ్ళు ఎత్తెత్తి నడవడాలు, ఒకటే గోల. డ్రిల్లు మాస్టారు గంటల కోసం టీచర్ల వెంటపడి బతిమాలేవాడు. లెక్కల టీచరు కసిరేది. చరిత్ర మాస్టారు వినబడనట్టు వెళ్ళిపోయేవాడు. సెనైదా మిస్ మాత్రం అడగకముందే, "నా ఇంగ్లీషు గంటలు తీసుకోండి మాస్టారూ, ఆఖరి తరగతివి మొత్తం తీసుకోండి" అనేది. ఏమి ఉదార హృదయం అని ఊరంతా మెచ్చుకుంది. అలా ఏటేటా, పద్దెనిమిదేళ్ళు.

ఆ ఔదార్యం ఎక్కడ పుట్టిందో ఆమె ఒక్కదానికే తెలుసు.

సెనైదా చదివింది కుట్టుపని నేర్పే చదువు. బడిలో చేరిన మూడో ఏట కుట్టుపని గంటలు తగ్గించేశారు. గంటలు నిండకపోతే ఉద్యోగం ఇంకో ఊరికి పోతుంది. అప్పటి హెడ్మాస్టరు పిలిచి, "ఇంగ్లీషు గంటలు ఊరికే పడి ఉన్నాయమ్మా, నువ్వు పుచ్చుకో" అన్నాడు.

"నాకు ఇంగ్లీషు రాదండీ."

"పిల్లలకీ రాదు కదా! ఎవరు పట్టుకుంటారు? పుస్తకం ఉంది, చూసి చెప్పెయ్."

మా కొండల్లో సగం బళ్ళలో ఇంగ్లీషు టీచర్లు ఇలాగే పుట్టారు. నవ్వకండి, ఇది నిజం. సెనైదా బద్ధకస్తురాలు కాదు. ఆ ఏడు వేసవి సెలవులంతా కూర్చుని పాఠాలు దుప్పటంత కాగితాల మీద లావు పెన్నుతో రాసుకుంది. ఒక్కో పాఠం ఒక్కో చుట్ట. గంట కొట్టగానే చుట్ట చంకలో పెట్టుకెళ్ళి గోడకి తగిలించేది, పిల్లలు రాసుకునేవాళ్ళు. అలా ఆఖరి తరగతికి ఆరు చుట్టలు తయారయ్యాయి.

ఏడో పాఠం ప్రెజెంట్ పర్ఫెక్ట్. అక్టోబరులో ఆ పేజీ తెరిచేసరికి ఒక్క వాక్యంలో రెండు క్రియలు కనబడ్డాయి. పుస్తకం చివర పట్టికలో ఒక్కో మాటకి మూడు రూపాలు, మూడోది దాని ఇష్టం వచ్చినట్టు మారుతోంది. రెండు గళ్ళు బట్టీ పట్టడానికే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. మూడో గడి చూసి పుస్తకం మూసేసింది. సరిగ్గా ఆ వారమే డ్రిల్లు మాస్టారు వచ్చి తలుపు దగ్గర నిలబడి, "మిస్, కవాతుకి ఒక్క గంట..." అన్నాడు. ఒక్క గంటేమిటి, అన్నీ ఇచ్చేసింది.

పోయిన మార్చిలో బడి తెరిచిన మర్నాడు దోన్ ఫోర్తునాతో అనే ఆయన వచ్చాడు. మా వైపు పెద్దవాళ్ళ పేరు ముందు మగవాళ్ళకి దోన్, ఆడవాళ్ళకి దోన్యా అని చేరుస్తాం. పై ఊళ్ళో దుంపలు పండిస్తాడు, ఆవులున్నాయి. టోపీ తీసి గుండెకి ఆనించుకుని గుమ్మం అవతలే నిలబడ్డాడు. వెనకాల అతని కూతురు నోయెమీ. డిసెంబరులోనే ఆఖరి తరగతి ముగించిన పిల్ల.

"మీకు ముఖం చూపించలేక ఇన్నాళ్ళూ రాలేదు మిస్."

"అదేంటి దోన్ ఫోర్తునాతో, లోపలికి రండి. ఏమైంది?"

"ఏమవుతుంది? ఈ మొద్దు మొహం పరువు తీసింది. సికువానిలో టూరిస్టు గైడుల కాలేజీకి పరీక్ష రాసింది కదా, తప్పింది. చరిత్రలో మంచి మార్కులే. ఇంగ్లీషులో మాత్రం గుండుసున్నా! మీ దగ్గర ఐదేళ్ళు కూర్చుని, సున్నా! ఎదురుగా కూర్చోబెట్టి ఏదో అడిగితే బొమ్మలా చూసిందట."

సెనైదా నోయెమీ వైపు తిరిగింది. "ఏం అడిగారమ్మా?" అంది.

నోయెమీ నేల చూస్తూ చెప్పింది. "హావ్ యూ ఎవర్ అని మొదలెట్టారు మిస్. అన్నీ అలాంటివే. ఇంతవరకు ఎక్కడెక్కడికి వెళ్ళావు, ఏమేం చూశావు అని. జవాబు ఎలా కట్టాలో నాకు తెలియలేదు."

"విన్నారా? తెలియలేదట! మిస్ చెప్పినప్పుడు చెవులు ఎక్కడ పెట్టుకున్నావే? కవాతు కవాతు అని ఎగిరావుగా! బెల్టు తీసుకుని నాలుగు తగిలించాను మిస్. నా పరువే కాదు, మీ పరువు కూడా తీసింది. ఏప్రిల్లో మళ్ళీ పరీక్ష ఉందంటున్నారు. అదీ తప్పిందా, అరెకీపా పట్నంలో మా చెల్లెలింటికి పంపేస్తాను. అక్కడ అంట్లు తోముకు బతుకుతుంది." చేతిసంచిలోంచి గుండ్రటి జున్నుముద్ద తీసి రెండు చేతులతో అందించాడు. "మీ కష్టం వృథా చేసింది. క్షమించండి."

అప్పుడు నోయెమీ ఒక్కసారి తలెత్తి చూసింది. ఆ పిల్లకి తెలుసు. ఏడో పాఠం క్లాసులో ఎవరూ చెప్పలేదని, ఆ గంటల్లో తాము మైదానంలో కాళ్ళెత్తి నడిచామని దానికి తెలుసు. తెలిసీ దెబ్బలు తింది కానీ మిస్ పేరు చెప్పలేదు.

మరి సెనైదా ఏం చేసింది? జున్ను పుచ్చుకుంది. పుచ్చుకుని, "ఫర్వాలేదు దోన్ ఫోర్తునాతో, పిల్లలన్నాక తప్పుతూ ఉంటారు. ఇకనైనా శ్రద్ధగా చదవమనండి" అంది.

ఇకనైనా శ్రద్ధగా చదవమనండి! ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఇంటికెళ్ళేదాకా తనని తాను తిట్టుకుంది. పొయ్యి మీద దుంపల సూపు పొంగిపోయినా లేవలేదు. జున్ను బల్ల మీద ఉంటే అటు చూడలేక గుడ్డ కప్పింది. ఛీ, నేనేం మనిషిని అనుకుంది. మొహం కడుక్కుంటే అద్దంలోకి చూడబుద్ధి కాలేదు.

మర్నాడు బడి వదలగానే దోన్ అనిసేతో అనే ఆయన ఇంటికి వెళ్ళింది. అతను స్టేషన్లో ముప్పై ఏళ్ళు టికెట్లు అమ్మి రిటైరైన ముసలాయన. కిటికీలోంచి తెల్లవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఇంగ్లీషు పట్టేశాడు. కోకా ఆకు టీ కాచుకుంటున్నాడు.

"రామ్మా, కూర్చో. ఏం పనిమీద?"

"తలుపు వెయ్యమంటారా దోన్ అనిసేతో?"

"వేస్తే ఊరు ఇంకేదో అనుకుంటుంది తల్లీ. నాకేం, ఈ వయసులో పేరొస్తే సంతోషమే. నీ సంగతే చూసుకో."

ఆమె నవ్వలేదు. చేతులు నలుపుకుంటూ, "నాకు ఇంగ్లీషులో ఒక పాఠం చెప్పాలి" అంది.

"నీకా? ఇంగ్లీషు మిస్సువి నువ్వేనాయె! పద్దెనిమిదేళ్ళుగా ఊరందరికీ నేర్పి..." అని పెద్దగా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. టీ రెండు కప్పుల్లో పోశాడు. "ఏ పాఠం?"

"ఏడోది."

ముసలాయన మంచివాడు, ఇంకేం అడగలేదు. "పొద్దున్న నువ్వు సూపు తాగావా? ఆ సంగతి మన స్పానిష్‌లో చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. "ఎన్ని ముక్కలు పలికావు? రెండు. ముందు బుల్లి ముక్క, వెనక పని ముక్క. ఇంగ్లీషువాడూ అంతేనమ్మా. ముందు హావ్ పెట్టు, అతను ఆమె అయితే హ్యాజ్ పెట్టు. వెనక మూడో గడిలో మాట పెట్టు. అయిపోయింది."

"అయిపోయిందా?"

"ఇంకేముంటుంది? మూడో గడి మాత్రం బట్టీ పట్టాలి, దానికి మందు లేదు."

అప్పుడు తగిలింది ఆమెకి అసలు దెబ్బ. పుట్టినప్పట్నించీ తన నోట్లో నానుతున్న పద్ధతే అది. పొద్దున లేస్తే పక్కింటావిడతో మాట్లాడేది అలాగే. దాన్ని చూసి పద్దెనిమిదేళ్ళు పారిపోయింది. కొండంత కష్టమైతే కాస్త గౌరవమైనా మిగిలేది.

మొత్తం నాలుగు సాయంత్రాలు పట్టింది. గో వెంట్ గాన్, సీ సా సీన్, ఈట్ ఏట్ ఈటెన్. దుంపల చెక్కు తీస్తూ, బట్టలు పిండుతూ అప్పజెప్పుకుంది. వీధిలో ఎవరైనా వస్తుంటే జపమాల తిప్పుతున్నట్టు నటించేది. పొరపాటున 'హీ హావ్' అంటే దోన్ అనిసేతో చెంచాతో కప్పు మీద టింగుమని కొట్టేవాడు. నాలుగో రోజు, "ఇప్పుడు నీ గురించి నువ్వే ఒక వాక్యం కట్టు" అన్నాడు.

ఆమె ఆలోచించి, "ఐ హావ్ టాట్ ఇంగ్లీష్ ఫర్ ఎయిటీన్ ఇయర్స్" అంది.

"భేష్! ఒక్క తప్పు లేదు."

తప్పు లేదు, అబద్ధం అంతే. ఆమె కప్పు కింద పెట్టి కొంగులాంటి శాలువతో కళ్ళు తుడుచుకుంది. ముసలాయన చూడనట్టు పొయ్యి వైపు తిరిగాడు.

ఆ సోమవారం నుంచి నోయెమీని ఇంటికి పిలిచి చెప్పింది. పిల్ల చురుకైంది, రెండు రోజుల్లో పట్టేసింది. కాగితం మీద పది వాక్యాలు గబగబా రాసి, "ఇంతేనా మిస్?" అంది.

"ఇంతే."

"నేనింకా చాలా కష్టమనుకున్నాను."

ఆ పిల్ల ఎత్తిపొడవలేదు, ఉన్న మాటే అంది. సెనైదాకి చచ్చినంత పనైంది. నాదే తప్పు తల్లీ అని చెబుదామని నోరు తెరిచి, "చేతిరాత కాస్త గుండ్రంగా రాయి" అంది. చూశారా, అప్పుడు కూడా టీచరుగానే మాట్లాడింది!

అక్కడితో ఆగితే బాగుండేది. దోన్ ఫోర్తునాతో సంతలో నిలబడి కనబడ్డవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "నా మొద్దుకి మళ్ళీ మొదట్నించీ చెబుతోంది మహాతల్లి! ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో?" రొట్టెలమ్మే ఆవిడ సెనైదాకి రెండు రొట్టెలు కొసరేసింది. ముసలమ్మలు దారి వదిలి దండాలు పెట్టారు. ఆమె సంత దారి మానేసి రైలు పట్టాల వెంట చుట్టు తిరిగి ఇంటికి పోవడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ పరీక్షలో నోయెమీ పాసైంది. పేరు పైనుంచి నాలుగోది. అరెకీపా గండం తప్పింది. ఇంక ఎవరూ ఏమీ అడగరు, అంతా సర్దుకుందని సెనైదా కూడా అనుకుంది. ఆ కొద్ది రోజులూ కాస్త తిండి తింది.

మే మొదటి ఆదివారం పొద్దున తల్లిదండ్రుల సభ పెట్టారు. రాకపోతే జుల్మానా కాబట్టి బెంచీలన్నీ నిండాయి. నోయెమీ కూడా తండ్రి పక్కన కూర్చుంది. హెడ్మాస్టరు లేచి, పోయిన ఏడు కవాతులో బడికి మొదటి బహుమతి రావడానికి తన గంటలన్నీ త్యాగం చేసిన సెనైదా మిస్‌కి ప్రశంసాపత్రం అని చదివాడు. చప్పట్లు మోగాయి. ఆమె వెళ్ళి కాగితం అందుకుంది. వెంటనే దోన్ ఫోర్తునాతో చెయ్యెత్తాడు.

"ఒక్క మాట చెప్పనివ్వండి! గంటలిచ్చింది సరే, నా పిల్లని నిలబెట్టింది కూడా ఈ తల్లే. మిస్ మొదట చెప్పినప్పుడు ఇది వినలేదు. నేను నాలుగు తగిలించాక విన్నది, పాసైంది. మీ పిల్లల్ని కూడా ముద్దు చెయ్యకండి. బెల్టు చూపిస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది!"

జనం నవ్వారు. "అవును, అదే మందు" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. మరో ఇద్దరు తలలూపారు. నోయెమీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తలొంచుకుని, అందరితో పాటు నవ్వడానికి ప్రయత్నించింది.

ఆ నవ్వు సెనైదా చూడలేకపోయింది.

"దోన్ ఫోర్తునాతో, నోయెమీ తప్పేం లేదు" అంది. నవ్వులు ఇంకా ఆగలేదు కాబట్టి మళ్ళీ గట్టిగా చెప్పింది. "ఆ పాఠం నేను చెప్పలేదు. నాకు రాదు కాబట్టి చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళలో ఏ తరగతికీ చెప్పలేదు. రాదని తెలిసిపోతుందనే గంటలు కవాతుకి ఇచ్చేశాను. ఈ మార్చిలో నాలుగు రోజులు నేర్చుకుని మీ అమ్మాయికి చెప్పాను. తను మొదటిసారే విన్నది, మొదటిసారే వచ్చేసింది."

హెడ్మాస్టరు, "అదేంటి మిస్, మీరు మరీ..." అని ఏదో సర్దబోయాడు. ఎవరూ వినలేదు. దోన్ ఫోర్తునాతో ఇంకా నిలబడే ఉన్నాడు. అతనికి కోపం రాలేదు, అర్థం చేసుకోవడానికే చాలాసేపు పట్టింది.

"మరి నేను నా బిడ్డనెందుకు కొట్టినట్టు, మిస్?" అన్నాడు.

అతను కూతురి వైపు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలేదే?" అన్నాడు. నోయెమీ, "మిస్‌ని అందరూ తిడతారని నాన్నా" అంది. అతను టోపీ చేతిలోనే ఉంచుకుని అందరి ముందూ, "తప్పైపోయిందమ్మా" అన్నాడు. ఇద్దరూ లేచి వెళ్ళిపోయారు. ఎప్పుడూ ముందు నడిచే మనిషి, ఆ రోజు కూతుర్ని ముందు నడవనిచ్చాడు.

సెనైదా ఇంక వెళ్ళిపోదామని గుమ్మం వైపు కదలబోయింది. మూడో వరసలోంచి దోన్యా బెనిగ్నా అనే ఆవిడ లేచింది. ఆమె కొడుకు ఆరేళ్ళ కిందట అదే కాలేజీ పరీక్ష తప్పి గనుల్లో పనికి పోయాడు.

"మా ఎల్మెర్‌ని కూడా నేను మొద్దన్నాను మిస్. వాడు వెళ్ళేరోజు కూడా అదే అన్నాను."

"మీ ఎల్మెర్ మొద్దు కాదమ్మా" అంది సెనైదా.

"మా రూఫినా?" అన్నాడు కిటికీ దగ్గర మనిషి.

"రూఫినా కాదు."

"మా ఇద్దరు?"

ఆమె పత్రం బల్ల మీద పెట్టేసి ఆ ఇద్దరి పేర్లూ గుర్తు తెచ్చుకుని చెప్పింది. తర్వాత పక్క బెంచీవాళ్ళు అడిగారు. ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. ఆమె కూర్చోలేదు, ఎవరి పేరూ దాటవెయ్యలేదు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఒక్కొక్కరి పేరూ పలికి, ఆ పిల్లలు మొద్దులు కారని వాళ్ళ కన్నవాళ్ళకి చెబుతూనే ఉంది.