చంద్రగిరి కోటలో మా ఇంగ్లండు రాజు

బడి నాటకంలో మా అమ్మాయి సుమది ఇంగ్లండు రాజు వేషం. జనం దేవుణ్ణి ఎలా మొక్కాలో కూడా తానే చెబుతానంటాడు ఆ రాజు. పార్లమెంటు కుదరదంటుంది. చివరికి రాజు తలే పోతుంది. రిహార్సల్లో సుమ "నేను దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పను" అనగానే తరగతంతా పకపకా నవ్విందట. సోమవారమే నాటకం. "నేను పోనంటే పోను" అని మొండికేసింది. ఏడో తరగతి పిల్లకు అవమానమంటే మాటలా? కోటలోని రాజమహల్ చూస్తేనైనా ధైర్యం వస్తుందేమోనని ఆదివారం చంద్రగిరికి లాక్కుపోయాను.

తిరుపతి బస్టాండులో ఎనిమిదికి ఎక్కితే అరగంట ప్రయాణం, టికెట్టు ముప్పై లోపే. అక్కడి నుంచి కోటకు ఆటో, మనిషికి ఇరవై. మా గొడవంతా విన్న డ్రైవరు మునిరత్నమన్న ఆటో పక్కకు ఆపేశాడు.

"మా ఊరి భారతంలో పదేండ్లుగా దుర్యోధనుడి ఏసం నాదే పాపా! రాజుకు బయమేంది?"

భారతమంటే ఈ పల్లెల్లో పద్దెనిమిది రోజులు జరిగే ఉత్సవం. పగలు కథ, రాత్రి వీధినాటకం. అన్న మాతోపాటే లోపలికి వచ్చి, మహల్ ముందు పచ్చికలో సుమను నిలబెట్టాడు. అది తన డైలాగు గొణగడం మొదలుపెట్టింది.

"ఆగు పాపా. ముందు సబకు దండం పెట్టినావా?"

"రాజు దండం పెడతాడా మామా?"

"రాజు పెట్టడు, ఏసం కట్టేవాడు పెడతాడు. కిరీటం ఎక్కకముందే సూసేవాళ్లందరికీ ఒంగి దండం పెట్టాల. ఎక్కినాంక ఎవురికీ ఒంగకూడదు. నవ్వితే నవ్వనీ, ఆళ్ల కండ్లల్లోకి సూడు."

సుమ చుట్టూ ఉన్నవాళ్లకు వంగి దండం పెట్టింది. నా చున్నీని తలకు చుట్టుకుని గట్టిగా ఒక అరుపు అరిచింది. కాపలాదారు ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఈడ అరుపులేందమ్మా?"

సుమ కదల్లేదు. ఆయన కళ్లలోకి చూస్తూ అంది: "నేను దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పను!"

అందరూ ఘొల్లుమన్నారు, కాపలాదారుతో సహా. సుమ మాత్రం నవ్వలేదు.

"అబ్బా, అదీ రాజంటే!" అన్నాడు మునిరత్నమన్న.

పన్నెండింటికి తిరుగు బస్సులో అది నెమ్మదిగా అడిగింది, "అమ్మా, ఆ రాజు కూడా ముందే ఒకసారి పార్లమెంటు సభకు దండం పెట్టుంటే తల మిగిలేది కదా?" ఇంత చదువుకున్న నాకు ఆ మాట తట్టనేలేదు. సోమవారం రాజు తల పోయినప్పుడు ఒక్కరూ నవ్వలేదు. పార్లమెంటు వేషం వేసిన పిల్ల ఏడ్చిందట కూడా.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నీళ్ల సీసా మరిచినా ఫరవాలేదు గానీ, కోటలో అరవాలనిపిస్తే ముందు కాపలాదారుకు ఒక దండం పెట్టండి.