బావ కొట్టేయనన్న వానలు

నా మొదటి నవల మళ్లీ అచ్చుకు వెళ్తోందంటూ ప్రూఫులు నిన్న ఫోనులోకి వచ్చాయి. చదువుతూ చదువుతూ చివరి అధ్యాయంలో వాన దగ్గర ఆగిపోయి, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

రాయదుర్గంలో బట్టల అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. మా నాయన ఏ చీరకైనా మొదట చెప్పే ధర ఆయనే నమ్మేవాడు కాదు; అవతలివాళ్లు తగ్గించడానికి కాస్త చోటుంచి చెప్పడం మా ఇంటి మర్యాద. ఆ బుద్ధే నవలకూ పట్టింది. దిద్దేవాడు ఎట్లాగూ కొంత కొట్టేస్తాడు, అదేదో పనికిరానిదే కొట్టేస్తే అసలు సరుకు భద్రంగా ఉంటుందని, కథకు అక్కర్లేని వానలు నాలుగు కురిపించాను. బావి ఎండిపోయి ఊరు విడిచే రైతు కథలో నాలుగు వానలు! నా తెలివికి నేనే మురిసిపోయాను.

దిద్దింది మా అక్క మొగుడు. గార్లదిన్నె దగ్గర మెట్టసేద్యం చేసే ఇంటివాడు, అనంతపురంలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు చూసేవాడు. నెల తిరిగేసరికి కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ప్రాణంగా రాసుకున్న పెళ్లి ఘట్టంలో మూడు పేజీలు ఎగిరిపోయాయి గానీ, వానలు చుక్క తగ్గలేదు. మర్నాడే అచ్చుకు పోవాలి. ఇన్ని వానలు పడ్డ ఊరిని ఈ రైతెందుకు వదిలాడని లోకమంతా నవ్వదూ? బుద్ధెరిగాక మొదటిసారి, నా సరుకు తగ్గించమని నేనే బతిమాలాను.

"ఏమప్పా, పైనుంచి ఎట్లాగూ పడేది లేదు. నీ పుస్తకంలో పడేది గూడా కొట్టేయాల్నా?"

"కథ చెడతాది బావా!"

"చెడనీ. చేను బాగుంటాది గదా."

అక్క వడ్డించిన సంగటి చల్లారిపోయేదాకా బేరం సాగింది. ఆయన చదివింది కథ కాదు, పైరు. ఒక వాన విత్తనానికట, ఒకటి కలుపుకట. మూడింటిని ఎట్లాగో వదిలించాను. వేరుశెనగకు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళ పడే నాలుగోదాన్ని మాత్రం చావనైనా చస్తాను గానీ వదలనన్నాడు. గతిలేక దాన్ని రైతు వెళ్లిపోయాక, ఖాళీ చేను మీద పడేటట్టు జరిపాను. ఆ పేజీ దగ్గరే కళ్లు తడిశాయని ఎందరో ఉత్తరాలు రాస్తే, అదంతా నా ప్రతిభేనని చాన్నాళ్లు చెప్పుకుని తిరిగాను.

ఇప్పుడు బావకు అక్షరాలు ఆనవు. కొత్త ప్రచురణకర్తలు మహా మర్యాదస్తులు, ఏది తీసేయమన్నా మారుమాట లేకుండా తీసేస్తారు. నా పుస్తకం ఏమైపోయినా సరే, ఒక్క వాన దక్కాలని నాతో కొట్లాడే మనిషి మాత్రం ఇప్పుడు ఎదురుగా లేడు.