చీర వెనకవైపు

మా ఎమ్మిగనూరులో చీర కొనేవాళ్లు ముందు దాన్ని తిప్పి వెనకవైపు చూస్తారు. చేమగ్గందా, మరమగ్గందా అన్నది అక్కడ చేత్తో వేసిన పోగుల ముడులే చెప్పేస్తాయి. ఫోనులో లైవ్ పెట్టి మా మగ్గం చీరలు అమ్మేటప్పుడు నేనూ అలాగే తిప్పి చూపించేదాన్ని. తిప్పిన ప్రతిసారీ చూసేవాళ్లు తగ్గిపోయేవారు. నా ముఖం దగ్గరగా కనిపిస్తే మళ్లీ పెరిగేవారు.

లైవ్ పెట్టడం నేర్పిన మా ఆడబిడ్డ విసుక్కుంది.

"వదినా, ఫోనుకు నీ మొగమే కావాల. సీర తిప్పొద్దు, నవ్వుతా ఉండు. లేకుంటే అది మన లైవ్ ఎవురికీ సూపిచ్చదు."

వారం రోజులు నవ్వాను. దవడలు నొప్పెట్టాయి. కామెంట్లన్నీ నా బుగ్గల గురించే, చీర గురించి ఒక్కటీ లేదు. ఒళ్లు మండింది. మరునాడు ఫోనుకెదురుగా దండెం కట్టి, వెనకవైపు కనబడేలా చీర వేలాడదీసి, దాని చాటున నిలబడ్డాను.

"నా మొగం సూసేకి వచ్చినోళ్లు పోండప్పా. సీర సూసేటోళ్లు ఉండండి" అన్నాను.

"అందరూ పోతాండారు వదినా" అంది ఆడబిడ్డ.

నలుగురు మిగిలారు. వాళ్లలో ఒకామె, తెగిన పోగు ముడేసిన చోటు చూపించమని రాసింది. పక్కనుంచి చెయ్యి చాపి ముడి మీద వేలు పెట్టాను. ఆ రోజు ఫోనుకు నాలో దొరికింది ఆ వేలొక్కటే.