పైవాడు, కిందోడు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నా చిన్నతనం చెబుతాననుకుంటారు. చెప్పేది చిన్నతనమే, కాకపోతే అది నాకు నలభై రెండో ఏట వచ్చింది. అక్షరాలు కొత్తగా వచ్చినవాళ్ళకు వయసుతో పనిలేదు, ఖాళీ చోటు కనిపిస్తే చాలు చెయ్యి దురద పెడుతుంది. మధ్యాహ్నాలు చర్చి వరండాలో పాస్టరమ్మగారు నేర్పిన నాలుగు ముక్కలతో ఉప్పు సీసా మీద ఉప్పు అని, కారం సీసా మీద కారం అని రాసి అతికించాను. (గాజు సీసాలే. లోపలున్నది గుడ్డివాడికి తప్ప అందరికీ కనిపిస్తుంది. అయినా రాశాను.)

మా ఆయనకు ప్రత్తిపాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు, మెకానిక్ పని. ఆ ఏడు మిరప కోతల్లో మా తొందర బాబాయి (ఆయన అన్నం కూడా నిలబడే తింటాడు) తన పాత జీపు తెచ్చి, ఇంజను తీసేసి టర్బో ఇంజను బిగించమన్నాడు. ఆ ఇంజను కోసం గుద్దుకుని మూలపడ్డ కారొకటి కొన్నారు. ఇంజను దించడం కండబలంతో అయిపోయే పనే. దాంతోపాటు వచ్చే సెన్సర్లూ, ఆ జడలాంటి వైర్లూ ఏది దేనికో గుర్తుపెట్టుకోవడమే అసలు పని. మా ఆయన గుర్తుకు రంగు దారాలు కట్టేవాడు. ఏ రంగు దేనికో సాయంత్రానికి తనే మరిచిపోయేవాడు. "ఈసారి నేను రాస్తా" అని బతిమాలాను. "సరే, తెల్ల టేపు తెచ్చుకో" అన్నాడు.

ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని ఒక్కో వైరూ ఊడదీసి అందిస్తూ చెప్పేవాడు, నేను రాసి అంటించేదాన్ని. నీళ్ళు. నూనె. గాలి. ఆఖరున కవల పిల్లల్లాంటి రెండు ప్లగ్గులు ఇచ్చాడు. "ఇది పైవాడు, ఇది కిందోడు. ఈళ్ళిద్దరూ ఒక్క లెక్కలో నడిస్తేనే బండి బతుకుద్ది. రాశావా?"

నాకు ఒళ్ళు పులకరించింది. పదేళ్ళుగా చర్చికి రమ్మంటే రాని మనిషి పైవాణ్ణి తలుచుకున్నాడు! మొదటిదాని మీద 'ప్రభువు' అని రాశాను. మరి కిందోడెవరు? కారు కింద పడుకున్నది ఆయనే కదా. మా వైపు పెళ్ళాం మొగుడి పేరు నోటితో అనదు, రేషన్ షాపులో అడిగినా పక్కనున్నామె చెప్పాలి. నోటితో అనకూడదన్నారు గానీ చేత్తో రాయకూడదని ఎవరూ అనలేదే! రెండోదాని మీద ఆయన పేరు రాశాను, మొట్టమొదటిసారి.

మర్నాడు తొందర బాబాయి వచ్చి టేపులన్నీ వరసగా చదవడం మొదలుపెట్టాడు, నేను రాసిన పేరు చదివితే ఊరంతా చాటేస్తాడు. ఆయన 'గాలి' దగ్గరున్నప్పుడే ఆ రెండూ పీకి జాకెట్లో దోపుకున్నాను. ఆయన వెళ్ళాక 'పైన', 'కింద' అని కొత్తగా రాసి అంటించాను. ఏ కవల ఏదో అప్పటికి నాకే తెలియదు.

ఇంజను బిగించారు. తాళం తిప్పితే గిర్రున తిరుగుతుంది గానీ అందుకోదు. రెండు రోజులు మా ఆయన బ్యాటరీ చూశాడు, డీజిలు చూశాడు. తప్పెక్కడుందో చూపే స్కానర్ ఉన్నతను గుంటూరు నుంచి రావడానికి నాలుగు రోజులట. పైన మబ్బు, పొలంలో బాబాయి మిరపకాయలు ఆరుబయట, తేవడానికి ఆ జీపే దిక్కు.

"ఏరా, ఆడదాని రాత నమ్మి నా కాయలు నానబెడతావా?" అని అరిచాడు బాబాయి.

మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "రాత మీద అనబాక బాబాయ్. అది దిద్ది దిద్ది రాసింది. నేనే యాడో తప్పు చేసుంటా."

తిట్టినా బాగుండేది. మా ఆయన్ని పక్కకు పిలిచి జాకెట్లోంచి నలిగిన టేపులు తీసి ఆయన చేతిలో పెట్టి, జరిగినదంతా చెప్పాను. ప్రభువు దగ్గర నవ్వబోయాడు. రెండోది కూడబలుక్కుని చదివాడు.

"నా పేరు నువ్వు రాశావా?"

"ఊఁ."

"మరి పీకావెందుకే?"

పైవాడంటే ఇంజను పైన ఉండే సెన్సరని, కిందోడంటే అడుగున ఉండేదని అప్పుడు చెప్పాడు. ఆయన వెళ్ళి ఆ రెండు ప్లగ్గులూ అటుదిటు మార్చాడు. తాళం తిప్పీ తిప్పకముందే బండి అందుకుంది. బాబాయి థాంక్సయినా చెప్పకుండా కాయల కోసం పరుగెత్తించాడు. ఆ సాయంత్రం వాన పడేసరికి బస్తాలన్నీ షెడ్డు కిందే ఉన్నాయి.

ప్రభువుని నా బైబిల్లో పెట్టుకున్నాను. రెండో టేపు ఆయన పానాల పెట్టె మూతకు అంటించుకున్నాడు, నూనె మరకలతో ఇప్పటికీ ఉంది. ఈమధ్య చూస్తే అందులో ఒక ఒత్తు తప్పిపోయి ఉంది. పెడతానంటే పెట్టనివ్వడు. "ఎప్పుడన్నా బండి మొరాయిస్తే ఇదే చూసుకుంటా, ముట్టుకోబాక" అంటాడు. ఆ పేరేమిటంటారా? ఇక్కడ రాయను. ఒకసారి రాస్తే రెండు రోజులు బండి ఆగిపోయింది.