అన్నం తినేకి పోయిన జ్యోత్స్న

“ఈయమ్మ రెండేండ్ల నుంచి అన్నం తింటానే ఉందా ఏలీయా? ఏం కడుపప్పా అది!”

మేనేజర్ లక్ష్మీనారాయణ సారు గొంతు సర్వర్ గది బయటికి వినిపించింది. కేబుల్ చుట్ట భుజాన వేసుకుని వస్తున్న నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

“సరిచేస్తా సార్” అంటున్నాడు ఏలీయా.

“ఎప్పుడు? శనగ విత్తనం మొలకెత్తలేదని రైతులొచ్చి నా ముందర కూచున్నారు. వాళ్లెదురుగా జ్యోత్స్నకు వీడియో కాల్ చేస్తే మోగుతాంది, మోగుతాంది, ఎత్తేవాళ్లు లేరు. ఫోన్ చేసి అడిగితే ఆయమ్మ ఆళ్లగడ్డలో సీట్లోనే ఉందంట. మరి నేను చేసింది ఎవురికి?”

ఎవరికి చేశాడో ఏలీయాకు తెలుసు. సాయంత్రంలోగా సరికాకపోతే ఈ పని ఇంకొకరికి అప్పజెబుతానని చెప్పి సారు నన్ను రాసుకుంటూ వెళ్లిపోయాడు.

మాది విత్తనాల కంపెనీ. నంద్యాలలో ఆఫీసు, ఆళ్లగడ్డలో మొలక పరీక్షల ల్యాబు. వీడియో కాల్స్ కోసం రెండు చోట్లా చెరొక సర్వర్ ఉంది. మొన్నటిదాకా ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టేది కాదు. నంద్యాల సర్వర్‌కు నంద్యాల మనుషులే లోకం. రెంటినీ క్లస్టర్‌గా కలపమని పైనుంచి చెప్పారు. ఇక మనుషుల జాబితా ఒక్కటే ఉండాలి. ఎవరు సీట్లో ఉన్నారో, ఎవరు లేచిపోయారో రెండు ఊళ్లకూ తెలియాలి. ఉంటే పేరు పక్కన పచ్చచుక్క, లేకపోతే బూడిదరంగు చుక్క. ఆ పని ఏలీయాకు పడింది. డిగ్రీ మధ్యలో వదిలేసి వైర్లు లాగే పనిలో చేరిన నేను అతని కింద.

ఏలీయాది పాములపాడు. నలభై దాటాయి, పెళ్లి కాలేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నుంచి ఈ పనికి వచ్చాడు. వైర్లకు స్టిక్కర్లు అంటించడు. విత్తన సంచులు కుట్టే దారం తెచ్చి రంగు అద్ది ముడి వేస్తాడు. నంద్యాలకు ఎరుపు, ఆళ్లగడ్డకు నీలం. స్టిక్కర్ అయితే ఈ ఎండలకు ఊడిపోతుందట. ముడి వేస్తే మాత్రం కోయాల్సిందే తప్ప విప్పలేము.

రెండేళ్ల కిందటిదాకా ల్యాబు ఇక్కడే, పక్క గదిలో ఉండేది. అందులో పనిచేసే జ్యోత్స్న మధ్యాహ్నం ఇంటికి పోయి, వాళ్లమ్మకు తినిపించి, తానూ తిని, ఏలీయాకు ఒక డబ్బా తెచ్చేది. పోయే ముందు వీడియో కాల్ జాబితాలో తన పేరు కింద రాసి పోయేది: ‘అన్నం తినేకి పోతాండా. వస్తా.’ ఇద్దరూ పెళ్లి చేసుకుంటారని ఆఫీసంతా అనుకుంది. అడగాల్సినవాడు అడగలేదు. ల్యాబును ఆళ్లగడ్డకు మార్చిన రోజు కూడా అలాగే రాసి ఇంటికి పోయింది. కంపెనీ బండి నేరుగా అక్కడికే వెళ్లింది. జ్యోత్స్న అట్నుంచి అటే తల్లిని, సామాన్లను ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఏలీయా సాయంత్రం దాకా తినకుండా కూర్చున్నాడని వాచ్‌మన్ ఇప్పటికీ చెబుతాడు.

ఆళ్లగడ్డ సర్వర్‌లో ఆమెకు కొత్త ఖాతా తెరిచారు. పాతది ఇక్కడే ఉండిపోయింది, ఆ మాటతో సహా.

ఒకే మనిషి రెండు సర్వర్లలో ఉంటే ఒక ఖాతాను ఉంచి రెండోది చెరిపేయాలి. అందరివీ చేశాడు ఏలీయా. ఆమెది మాత్రం వదిలేశాడు. అందుకే నంద్యాలలో ఎవరు జ్యోత్స్నను పిలిచినా ఆ అన్నానికి పోయిన జ్యోత్స్నకే మోగుతోంది. ఆళ్లగడ్డలో ఉన్న ఆమె చుక్క ఇక్కడ కనబడదు.

“ఆళ్లగడ్డ యాడుందన్నా, బస్సెక్కితే గంట. పోవచ్చు కదా” అన్నాను. నాకు నాన్చడం రాదు.

“పోయి ఏమని చెప్పల్ల? డబ్బా తీసుకునేకి వచ్చినా అనా?”

నవ్వాననుకుంటాను. అతను నవ్వలేదు. తన పేరు రెండు ఊళ్ల జాబితాలో కలిపేసి వారమైందని, ఆళ్లగడ్డలో తన చుక్క రోజూ పచ్చగానే కనబడుతుంటుందని చెప్పాడు. ఆమె నుంచి ఒక్క కాల్ కూడా రాలేదట.

“చూడలేదేమో అన్నా.”

“చూసింటాది.” తెర వైపు తిరిగాడు. “ఈడుండే జ్యోత్స్న వస్తా అంటాంది. ఆడుండే జ్యోత్స్న ఏమంటాదో నాకు తెలీదప్పా.”

పాత ఖాతా తెరిచాడు. ఆ రెండు ముక్కలూ ఎప్పుడూ చదవనట్టు చదివాడు. చెరిపేయాలా అని తెర అడిగింది. మౌస్ మీద చెయ్యి పెట్టి, తీసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టలేదు. లేచి కుర్చీ నా వైపు జరిపాడు.

“నువ్వు నొక్కు. నేను వరండాలో ఉంటా. అయిపోయినాక పిలువు. ఆమె పేరు పక్కన ఏ రంగు పడిందో మాత్రం నాకు చెప్పొద్దప్పా. నేనే వచ్చి చూసుకుంటా.”