గవాచి కింద పదో ఫోటో

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇది చదివాక మీరు నమ్మాలని కూడా నా ఉద్దేశం కాదు. కర్నూలులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. కొలిచింది గీయడం, కొలవనిది గీయకపోవడం నా ఉద్యోగం. డైరీ కూడా అట్లాగే రాస్తాను. ఈ సంగతిలో నేను కొలవగలిగినవి, రాసి పెట్టుకున్నవి మాత్రమే ఇక్కడ చెబుతాను.

రిటైరయ్యాక ఒక మంచి కెమెరా, దానిమీద బిగించే విడి ఫ్లాష్ కొనుక్కున్నాను. తీసిన ప్రతి ఫోటోకూ నోటుబుక్కులో ఒక వరుస రాస్తాను: టైము, వెలుగు ఎక్కడిది, షట్టరు ఎంతసేపు తెరిచాను, ఎవరిని తీశాను, ఎట్లా వచ్చింది. చెడిపోయినవాటిని ఆ సాయంత్రమే కార్డులోంచి తీసేసి, ‘తీసేశాను’ అని రాస్తాను. ఈ అలవాటు గురించి తర్వాత మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

ఇంట్లో తీసే ఫోటోలకు ఫ్లాష్‌ను మించింది లేదని అప్పట్లో నా అభిప్రాయం. కర్నూలులో మా ఇంటి కప్పు తెల్లటి సున్నం. ఫ్లాష్‌ను పైకి తిప్పి కప్పుకు కొట్టిస్తే వెలుగు మెత్తగా అందరి మొహాల మీదా దిగుతుంది. మనవరాళ్ల ఫోటోలన్నీ అట్లా తీసినవే.

మా అక్క ఇల్లు అట్లాంటిది కాదు. కమలాపురం దగ్గర పల్లె. పాత మిద్దె. కింద నల్లటి నాపబండలు, పైన పొగకు నల్లబడిన దూలాలు. వెలుగంతా గవాచి నుంచే రావాలి. గవాచి అంటే మిద్దె కప్పులో వెలుగు కోసం వదిలే చదరపు కంత. దాని మీద అద్దం పరిచి ఉంటుంది. ఆ ఎండ ఏ బండ మీద పడిందో చూసి అక్క టైము చెబుతుంది. గడియారం చూసి నేను సరిచూసుకుంటే పది నిమిషాలకు మించి తేడా ఉండదు.

ఆ ఇంట్లో ఫ్లాష్‌ను కప్పుకు కొట్టిస్తే వెలుగంతా దూలాలే మింగేశాయి. అందుకని నేరుగా మొహాలకు పెట్టి తీశాను. మొహాలు సున్నం కొట్టినట్టు, వెనక గోడ మీద నీడలు బొగ్గుతో గీసినట్టు వచ్చాయి. అంతకన్నా పెద్ద చిక్కు మా బావ. ఓబుళరెడ్డి బావ ఫ్లాష్ వెలిగే ముందే కండ్లు మూసేవాడు. ఎన్నిసార్లు తీసినా అంతే.

“ఏమప్పా, ఫోటో తీస్తాండావా, పిడుగు వేస్తాండావా?” అనేవాడు.

“కండ్లు తెరువు బావా, ఒక్క క్షణమే కదా.”

“పిడుగూ ఒక్క క్షణమే కదప్పా.”

ఒక కార్తీకంలో వెళ్లినప్పుడు ఆయనే కుర్చీ లాక్కుని గవాచి దగ్గర వేసుకున్నాడు. “ఈడ తీయి. దేవుడు ఉత్తగ ఇస్తాండే ఎండ ఉండాది గదా. నీ పెట్టెను నాలుగు దినాలు పడుకోనీ” అన్నాడు. ఆయన మాట తీసెయ్యలేక ఫ్లాష్ లేకుండా ఒకటి తీశాను. వెలుగు చాలక సెకనులో ఎనిమిదో వంతు పట్టింది. ఆ కాస్తలోనే ఆయన నవ్వుతూ తల తిప్పాడు.

ఆ రోజు నోటుబుక్కులో నా చేతిరాత ఇది: ‘గవాచి వెలుగు. 1/8. బావ, ఒక్కడే. కండ్లు తెరిచాడు, కదిలాడు. పనికిరాదు. తీసేశాను.’

ఆ ఫాల్గుణంలో బావ పోయాడు. పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

దినాలకు ఫోటో కావాల్సి వచ్చింది. నా దగ్గర పదకొండు ఉన్నాయి. పదకొండింటిలోనూ కండ్లు మూసే ఉన్నాయి. ఇంట్లో వేరే ఫోటోలు లేవు. ఆధార్ కార్డు మీద బొమ్మ ఉంది కానీ దానిలో మనిషిని పోల్చుకోవడం కష్టం.

కమలాపురంలో ఫోటో స్టూడియో నడిపే బాషా మంచి పనివాడు. నా ఫోటోల్లో ఒకటి తీసుకుని, బావ కొడుకు కండ్లు తెచ్చి కంప్యూటరులో అతికించి పెద్దది చేసి ఇచ్చాడు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. అక్క దగ్గరికి పోయి చూసింది.

“ఇవి వీని కండ్లు. నా మొగుడు ఇట్లా చూడడు” అంది.

“పోనీ, కండ్లు మూసుకున్నదే పెడదామా అక్కా?” అన్నాను.

“అట్లా నేను ఆ పొద్దు చూసినా గదా. రోజూ గోడ మీద గూడా అదే చూడల్నా? ఒక్కటి, కండ్లు తెరిచి ఉండేది, ఒక్కటి తీయలేదా రా అబ్బీ నువ్వు?”

తీశానని చెప్పాను. తీసేశానని కూడా చెప్పాను. ఫోటో కోసం గోడకు కొట్టిన మేకు ఏడాది పొడుగునా అట్లాగే ఉండిపోయింది.

ఆ పాత కార్డును బాషాకిచ్చి, పోయిన ఫోటోలను వెతికి తీసే ప్రోగ్రామ్ పెట్టించాను. మనవరాలి పుట్టినరోజువీ, మా వీధి కుక్కవీ తిరిగి వచ్చాయి. అది రాలేదు. కార్డు బాషా దగ్గరే ఉండిపోయింది. అక్క ఊరికి బయలుదేరే ముందు నేను కర్నూలులో కొత్తది కొని, ఇంట్లో నా చేతులతో అట్ట చించి కెమెరాలో వేశాను.

సంవత్సరీకానికి ముందురోజు అక్క ఇంటికి చేరాను. అక్క ముందే ఫోన్లో చెప్పింది, పిడుగు పెట్టె తేవద్దని. తేలేదు. ఆమె ఫోటో అయినా ఒకటి కండ్లు తెరిచినది ఉండాలని నా ఆలోచన. ఆ మాట ఆమెతో అనలేదు.

గవాచి కింద తీయడానికి ఒక పద్ధతి ఉంది. మనిషిని ఎండలో కూర్చోబెట్టకూడదు, దాని పక్కన కూర్చోబెట్టాలి. ఎండ పడే చోట నేల మీద తెల్లగుడ్డ పరిస్తే వెలుగు కిందినుంచి మొహానికి తిరిగి వస్తుంది. నల్ల బండ అయితే తాగేస్తుంది. తెల్లగుడ్డ అడిగితే అక్క పెట్టెలోంచి బావ పంచ తెచ్చింది. నేను కాస్త వెనకాడాను.

“పరుచులే. ఎన్నిసార్లు దాన్నే పరుచుకొని పండుకోలేదు ఆయప్ప!” అంది.

పంచ పరిచి, దాని పక్కన కుర్చీ వేసి, మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా బిగించాను. అక్క తయారయ్యేలోపు వెలుగు చూసుకోవడానికి ఖాళీ కుర్చీని తీయడం మొదలుపెట్టాను. నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పది గంటల నలభై ఎనిమిదికి ఒకటి, యాభైకి ఇంకొకటి. రెండూ మసకగా వచ్చాయి. తలెత్తి చూస్తే గవాచి అద్దం మీద ఏడాది దుమ్ము. బయటి మెట్ల మీదుగా మిద్దె ఎక్కి తడిగుడ్డతో అద్దం తుడిచాను. దిగివచ్చి, పది యాభై అయిదుకు మూడోది తీశాను. వెలుగు బాగుంది. తర్వాత అక్కను కూర్చోబెట్టి ఆరు తీశాను. మొత్తం తొమ్మిది.

నేను పైన ఉన్నప్పుడు ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ మర్నాటి కార్యానికి సామాను కోసం కమలాపురం పోయి ఉన్నారు.

మధ్యాహ్నం కార్డు తీసుకెళ్లి బాషాకిచ్చి, అక్క ఫోటోల్లో మంచిది చూసి ప్రింటు వేయమన్నాను. టీ కొట్టు దగ్గర ఉండగానే ఫోన్ చేశాడు.

“సార్, పదిట్లో ఏది వేయాల?”

“పది కాదప్పా, తొమ్మిది.”

“పది ఉండాయి సార్. మూడోది పెద్దాయనది. శానా బాగుండాది. ఇది పెట్టుకొని ఆ పొద్దు నాతో కండ్లు ఎందుకు అతికిచ్చినారు సార్?”

వెళ్లి చూశాను. అదే కుర్చీలో బావ ఉన్నాడు. బనియను, పంచ. ఒక చేయి కదిలి కాస్త చెదిరింది. కండ్లు తెరిచే ఉన్నాయి, స్పష్టంగా ఉన్నాయి. కెమెరా వైపు చూడటం లేదు. కుడిపక్కకు చూస్తున్నాడు.

మొదట బాషాను అనుమానించాను. ఇది దాచడం లేదు. పాత కార్డు అతని దగ్గరే ఉంది, అతికించే విద్యా ఉంది. “మీ అనుమానం మీది సార్, తప్పులేదు. కెమెరాలో వేసుకోని చూడండి” అని కార్డు చేతిలో పెట్టాడు. చూశాను. ఒకటి నుంచి పది దాకా నంబర్లు వరుసగా ఉన్నాయి. మూడో నంబరు దగ్గర టైము పది యాభై రెండు. షట్టరు సెకనులో ఎనిమిదో వంతు. ఆ టైముకు నేను మిద్దె మీద ఉన్నాను.

కార్తీకంలో తీసేసింది ఎట్లాగో ఇందులోకి వచ్చిందేమో అని తర్వాత అనుకున్నాను. కార్డు వేరు అయినా, కెమెరా అదే కదా అని. స్టూడియోలో ఫోటోను పెద్దది చేయించి కొసల నుంచి వెతికాను. కింద బండల మీద తెల్ల పంచ పరిచి ఉంది. కార్తీకంలో మేము ఏ గుడ్డా పరవలేదు. ఆ పంచ మీద, ఎండ ముక్క మధ్యలో ఒక నీడ ఉంది. అరచేయి, దానికింద మడత పెట్టిన గుడ్డ.

అద్దం తుడుస్తున్న నా చేతి నీడ అది.

బాషా, “డబ్బులొద్దు సార్, దీనికి” అని ప్రింటు వేసి ఇచ్చాడు.

అక్కకు ఎట్లా చెప్పాలో దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. అవసరం రాలేదు. ఫోటో అందుకుని కొంగుతో తుడిచి చూసింది. కొడుకు కండ్ల ఫోటోను చూసినట్టే దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఆ, ఇట్లా చూస్తాడు” అంది.

నేను పైన ఉన్నప్పుడు కెమెరా ఏమైనా ముట్టుకున్నావా అని అడిగాను.

“నాకేం తెలుసు రా దాని సంగతి? వంటింటి గడప కాడ నిలబడినా. నువ్వు అద్దం తుడుస్తానే ఇల్లు తెల్లగైంది. కుర్చీ పక్కే చూస్తాంటి. అంతే.”

“కుర్చీలో ఏమైనా…”

“ఏమీ లేదు. ఖాళీ.”

వంటింటి గడప ఎక్కడుందో నేను మళ్లీ పోయి చూశాను. కెమెరా పెట్టిన చోట నిలబడితే కుడిపక్కన ఉంది. టేపు పెట్టి కుర్చీ నుంచి గడపకు కొలిచాను, కోణం గీసుకున్నాను. ఫోటోలో బావ చూపు పోయేది అక్కడికే.

సంవత్సరీకం ఆ ఫోటోతోనే జరిగింది. మేకుకు తగిలించారు, బొట్టు పెట్టారు, దండ వేశారు. వచ్చినవాళ్లు ‘ఎప్పుడు తీశావప్పా, భలే వచ్చింది’ అన్నారు. అవునన్నాను.

కెమెరాలో లోపమేమో అని తెలిసినవాళ్లకు చూపించాను. టైము సరిగ్గా ఉందన్నారు. దానంతట అది తీసే ఏర్పాటు ఆ రోజు పెట్టలేదు. పెట్టి ఉన్నా కుర్చీని తీసేది కానీ బావను తీయదు. నాకు తెలిసిన లెక్కలన్నీ ఇక్కడితో అయిపోయాయి. నోటుబుక్కులో ఆ రోజు కింద ‘మొత్తం తొమ్మిది’ అనే ఉంది. దిద్దలేదు. దిద్దాలంటే పదోదానికి ఒక వరుస రాయాలి, ఎవరు తీశారో తెలియకుండా రాయలేను. కార్డులోంచి ఏ ఫోటోనూ తీసేయడం మాత్రం మానేశాను.

ఒక్క విషయం అక్కకు ఇంతవరకూ చెప్పలేదు. ఆ రోజు పైన గవాచికి మొహం ఆనించినంత దగ్గరగా వంగి తుడిచాను. దుమ్ము పోయి అద్దం తేటపడింది. కింద కుర్చీ సరిగ్గా నా కండ్ల ఎదుట ఉండాలి. నేను అద్దం మీద మరకలు పోయాయా లేదా అనే చూశాను. లోపలికి చూడలేదు.