అడగని బండి

రాఘవమ్మ మంచిదని చెప్పడానికి ఆ ఊళ్లో ఎవరూ క్షణం కూడా ఆలోచించరు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు దిగి మైలున్నర నడిస్తే వచ్చే ఊరది. మజ్జిగ కోసం ఆ గడప తొక్కిన ఆడమనిషి వట్టి మజ్జిగతో తిరిగి వచ్చేది కాదు, కొంగులో గుప్పెడు ఎండుమిరపకాయలో చారెడు కందిపప్పో పోయించుకునే వచ్చేది. పురుటినొప్పులొచ్చినా, పాము కరిచినా ఆ ఇంటి బండే కట్టేవారు. ఇంత పేరున్న మనిషికి కంటినిండా నిద్ర పట్టాలి. పట్టేది కాదు. ఎందుకు పట్టదో పదేళ్లుగా తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం.

ఎనభై ఒకటో సంవత్సరం, వానలింకా సరిగ్గా పడకముందే కండ్లకలక వచ్చింది. ఇంటికొకరికి కాదు, ఇంటిల్లిపాదికీ వచ్చింది. జబ్బు ఉన్నవాళ్ల కళ్లలోకి చూస్తే చాలు అంటుకుంటుందని అందరి నమ్మకం. బస్సు కండక్టరు ముఖం పక్కకు తిప్పుకుని టిక్కెట్లు కొట్టేవాడు. ఆత్మకూరు బస్టాండులో నల్లద్దాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చి, మడక దున్నేవాళ్లు కూడా సినిమా హీరోల్లా తయారయ్యారు. ఇది దేశాలు దాటి వచ్చిన జబ్బని రేడియోలో చెబితే, మన ఊరి అడ్రసు దానికెవరిచ్చారని నవ్వుకున్నారు. నవ్వినవాళ్లకు మూడోనాటికి కళ్లు ఎర్రబడ్డాయి.

రాఘవమ్మకు వచ్చేసరికి ఇంట్లో కోడలు ఇరవై రోజుల బాలింత. కొడుకు రాజమోహన్ నోరు తెరిచి చెప్పలేక వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటే, ఆమే అర్థం చేసుకుని చేలో ఉన్న పొగాకు కొట్టానికి పోయి ఉంటానంది. పొగాకు పని అయిపోయి కొట్టం ఖాళీగా ఉంది. కిటికీల్లేవు, చీకటి, కళ్లకు హాయి. కానీ తోడెవరు? ఏటా అదే కొట్టంలో పొగాకు ఆకు కర్రలకు కట్టే జైతూన్‌బీకి నాలుగు రోజుల ముందే కండ్లకలక వచ్చింది. ఎటూ వచ్చినదే కదా, ఇంక కొత్తగా అంటుకునేదేముందని రాజమోహన్ కబురు పెట్టాడు. ఆమె రెండు చీరలు మూటగట్టుకుని వచ్చింది. అంతా చక్కగా కుదిరిందని అందరూ సంతోషించారు. రాఘవమ్మను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, జైతూన్‌బీ తప్ప ఊళ్లో ఎవరైనా సరే అని ఉండేది.

పాలేరు కొండలయ్య రెండు పూటలా క్యారియర్ తెచ్చి బయట బండమీద పెట్టి, ఒక కేకవేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోయేవాడు. మిగిలిందంతా జైతూన్‌బీయే. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి, అతుక్కుపోయిన రెప్పలు తుడిచేది. నందివర్ధనం పూలు తడిపి కళ్లమీద పెట్టేది. అన్నం కలిపి చేతికిచ్చేది. చెయ్యి పట్టుకుని చెట్లచాటుకు తీసుకుపోయేది. ఆ చేతిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ రాఘవమ్మకు ఒళ్లంతా కుంచించుకుపోయేది. కళ్లు బాగున్న రోజుల్లో ఏదో ఒక పని కల్పించుకునేది, చేటలో ఏదో ఒకటి చెరిగేది, కాకపోతే ఎవరినో ఒకరిని కేకలేసేది. కళ్లు మూసుకుపోయాక చూడ్డానికి ఆమెకు ఒక్కటే మిగిలింది, పదేళ్ల కిందటి ఆ రోజు.

ఆమెది మర్రిపాడు వైపు పుట్టిల్లు. అక్కడ నీళ్లు దొరకడమే గగనం. పద్నాలుగో ఏట రామనారాయణ భార్యగా ఈ ఊరొచ్చింది. అత్తగారు నేర్పిన మొదటి పాఠం, ఈ ఇంట్లో 'లేదు' అనే మాట వినపడకూడదని. ఉప్పు అయిపోయినా 'నిండుకుంది' అనాలి. అందరిళ్లలోనూ అంటారు, కానీ ఈ ఇంట్లో దాన్ని గుమ్మానికి వచ్చినవాళ్ల దాకా పాటించారు. రాఘవమ్మ బుద్ధిగా నేర్చుకుంది. కాపురానికి వచ్చాక ఆమె ఒకరితో 'లేదు' అన్నది ఒక్కసారే.

డెబ్భై ఒకటో సంవత్సరం ఎండాకాలం. ఊళ్లో కలరా. ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. రామనారాయణ కోర్టు పనిమీద బస్సెక్కి ఆత్మకూరు పోయాడు. కావలి కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన రాజమోహన్ ఆ పొద్దున రెండుసార్లు చెంబు పట్టుకుని బయటికి పోయి వచ్చాడు. అదీ కలరాయేనని తల్లి భయపడింది. ఎందుకైనా మంచిదని బండిని పెరట్లో సిద్ధంగా పెట్టించింది. సరిగ్గా అప్పుడే, కొడుకు లోపలి గదిలో పడుకుని ఉండగా, జైతూన్‌బీ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె మొగుడు నూర్ మహమ్మద్ కొయ్య గరిటెలు, దువ్వెనలు చెక్కేవాడు. అనుమసముద్రంపేట దర్గాకు వచ్చేవాళ్లు అతని దువ్వెనలు ఏరికోరి కొనుక్కునేవారు. తెల్లవారుజాము నుంచి అతనికి వాంతులు, భేదులు. ఉదయగిరి ఆస్పత్రికి చేరిస్తే బతుకుతాడు, బండి కావాలంది. రాఘవమ్మ తలుపు తీయలేదు. బండి ఇంట్లో లేదని, కొండాపురం పోయిందని తలుపు వెనకనుంచే చెప్పింది.

ఇంతవరకైతే భయపడిన తల్లి అని ఎవరైనా సరిపెట్టుకోవచ్చు. పదేళ్లుగా రాఘవమ్మ కూడా అలాగే సరిపెట్టుకోవాలని చూసింది. కుదరలేదు, ఎందుకంటే అసలు పాపం ఆ తర్వాత జరిగింది. కాస్త పొద్దెక్కేసరికి రాజమోహన్ పెరుగన్నం తిని గుర్రుపెట్టి నిద్రపోయాడు. వాడికి కలరా లేదు, పాడూ లేదు, ముందురోజు మామిడిపళ్లు తెగ తిన్నాడు. నూర్ మహమ్మద్ అప్పటికింకా ఇంటిదగ్గరే ఉన్నాడు. కలరా మనిషి మంచం మోయడానికి అంత తేలిగ్గా ఎవరొస్తారు? నలుగురు దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఆ మధ్యలో బండి పంపొచ్చు. పంపితే, పొద్దున అబద్ధం చెప్పిందని తెలిసిపోతుంది. అదొక్కటే ఆమెను ఆపింది. తన మాట పోతుందని ఊరుకుంది. మంచం మీద మోసుకుపోతుంటే నూర్ మహమ్మద్ సగం దారిలో పోయాడు.

మర్నాడు ఊరికి వచ్చిన రామనారాయణకు సంగతి తెలిసి, బండికోసం ఎవరైనా వచ్చారా అని అడిగాడు. రాఘవమ్మ ఎవరూ రాలేదంది. మంచి మనిషి, నమ్మాడు. నమ్మి ఊరుకోక, జైతూన్‌బీ ఇంటికి పోయి, ఒక్కమాట అడగాల్సింది కదమ్మా, అంత పరాయివాళ్లమైపోయామా అని నలుగురిలో నొచ్చుకున్నాడు. ఆమె తలవంచుకుని నిలబడింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజునుంచి ఊరంతా అదే మాట. ఎదురుగా ఉన్న బండి అడక్కుండా మొగుణ్ణి పోగొట్టుకుందన్నారు. నూర్ మహమ్మద్ చెల్లెలు ఖాదర్‌బీ, అన్న చావుకు వదినే కారణమని, పక్క వీధిలోనే ఉండి కూడా పదేళ్లుగా ఆ గడప తొక్కలేదు. రామనారాయణ నాలుగేళ్ల కిందట కన్నుమూశాడు. పోయేదాకా ఆయనకు నిజం తెలియదు.

కొట్టంలో మూడోరోజు మధ్యాహ్నం, కళ్లమీద పూలు మారుస్తున్న జైతూన్‌బీ చెయ్యి పట్టుకుని రాఘవమ్మ మొత్తం చెప్పేసింది. బండి ఇంట్లోనే ఉందని, కొడుక్కి బాగలేదని దాచానని, ఆ తర్వాత కూడా పంపలేదని. ఏడ్చింది కూడా. కళ్లు ఎటూ కారుతూనే ఉన్నాయి కాబట్టి, ఏడుపెంతో జబ్బెంతో ఆమెకే తెలియలేదు. చెబుతున్నంతసేపూ ఒక చిన్న ధైర్యం మాత్రం ఉంది. ఎదుటి మనిషి ముఖం తనకు కనపడదు.

జైతూన్‌బీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పూలు సరిగ్గా పెట్టి, కారిన నీళ్లు తుడిచింది.

"నాకు తెలుసమ్మా," అంది. "మంచం మోసే మనుషుల కోసరం మీ పెరటి దోవనే పోయినాను. కంచె మీంచి బండీ, ఎడ్లూ కనిపించినాయి."

పదేళ్లు. ఈ మనిషికి అన్నీ తెలిసి, రామనారాయణ చేత నలుగురిలో మాట పడింది. తెలిసి, ఏటా ఈ కొట్టానికి వచ్చి ఆకు కట్టింది. తెలిసి, పండక్కి తను ఇచ్చిన చీర కళ్లకద్దుకుని తీసుకుంది. దాచుకున్నాననుకున్నది ఎవరిదగ్గర దాచాలో సరిగ్గా వాళ్లదగ్గరే దాగలేదు. ఎందుకు చెప్పలేదని రాఘవమ్మ అడిగింది.

"మీ ఇంటి మాట మీద నా మాట ఎవురు నమ్ముతారు? నమ్మితే మాత్రం పోయినోడు వస్తాడా?" తడి దూది పక్కన పెట్టి జైతూన్‌బీ మళ్లీ అంది. "తెలిసినదానికి నాకు చీకట్లో చెప్తే ఏం లాబం? కండ్లు తెరిచినాక, తెలీనోళ్లకు చెప్పండి."

ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు. ఆరోరోజు పొద్దున రాఘవమ్మ రెప్పలు విడివడ్డాయి. ముందు మసకగా, తర్వాత తేటగా కనిపించింది. రెండడుగుల దూరంలో జైతూన్‌బీ మోకాళ్లమీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఇన్నేళ్లలో ఆ ముఖాన్ని ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడకుండా తప్పించుకుంది. జైతూన్‌బీ ఏమీ అడగలేదు. అలా చూస్తూ కూర్చుంది, అంతే. రాఘవమ్మ నోరు తెరిచింది. ఇంటికి పోగానే రాజమోహన్‌తో చెబుతానని అనాలనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం, గంజి కాచావా అన్న మాట.

కాస్తానమ్మా అని జైతూన్‌బీ లేచింది. ఆమె పొయ్యి రాజేస్తున్నంతసేపూ రాఘవమ్మ గోడకేసి తిరిగి పడుకుంది. అరవై రెండేళ్ల మనిషి, మనవరాలిని ఎత్తుకున్న మనిషి, గంజి అడిగి తప్పించుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఎనిమిదోరోజు రాజమోహన్, కొండలయ్య బండి కట్టుకుని వచ్చారు. రాజమోహన్ తల్లి కళ్లు చూసి, తేటపడ్డాయని సంబరపడ్డాడు. కొండలయ్య చాప, దుప్పటి బండిలో వేసి, ఆమె ఎక్కడానికి పీట పెట్టాడు. రాఘవమ్మ ఎక్కి కూర్చుంది. జైతూన్‌బీ తన మూట చంకన పెట్టుకుని అప్పటికే గట్టు వెంబడి నడక మొదలుపెట్టింది.

రాజమోహన్ చెడ్డవాడు కాదు. తల్లికి సేవచేసిన మనిషి ఎండలో నడుస్తుంటే చూడలేక పిలిచాడు. ఎక్కమంటే, ఆమె నడిచి పోతాను బాబూ అంది. అతనికి నవ్వొచ్చింది. చనువుగా అన్న మాటే, అందులో విషమేమీ లేదు.

"ఏంది జైతూనమ్మా, మా బండి అడక్కుండా పొయ్యే అలవాటు ఇంకా పోలేదా నీకు?"

కొండలయ్య కూడా నవ్వాడు. ఊరంతటికీ తెలిసిన మాట కదా అది. జైతూన్‌బీ ఆగింది, తలవంచుకుంది, మూట ఇంకో చంకలోకి మార్చుకుంది. అంతే చేసింది. ఆ వంచిన తల చూస్తే రాఘవమ్మకు ఇంక బండిలో కూర్చోవడం చేతకాలేదు. పీట కోసం చూడకుండా దిగబోయి, తూలి, చక్రం పట్టుకుని నిలదొక్కుకుంది. పోయి జైతూన్‌బీ ఎదురుగా నిలబడింది. మాట కొడుక్కి చెప్పినా, చూపు మాత్రం ఆమె ముఖం మీదినుంచి తిప్పలేదు.

"ఆయమ్మ అడిగింది రా. మా ఇంటికొచ్చి, తలుపు కొట్టి అడిగింది. బండి పెరట్లోనే ఉండింది. నేనే లేదన్నాను. మీ నాయనకూ అబద్ధం చెప్పినాను."

నీకు ఒంట్లో బాగలేక దాచాన్రా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే కొడుకు తనను క్షమిస్తాడు. అందుకే అనలేదు. రాజమోహన్ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయి, ఎలా తీసేయాలో తెలియనట్టు మెల్లగా పోయింది. కొండలయ్య పగ్గాలు సవరించుకుంటూ ఎడ్లకేసి చూడసాగాడు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని రాఘవమ్మకు తెలుసు. తెలియనీ అనుకుంది. ఖాదర్‌బీ ఇంటికి ఇప్పుడే వస్తాను, నువ్వూ రా అని జైతూన్‌బీతో అంది. పదేళ్ల బరువు ఇప్పటికైనా దిగుతుందేమోనని, ఎదురుగా ఉన్న మనిషి తిట్టినా ఉమ్మేసినా పడదామని అక్కడే నిలబడింది.

జైతూన్‌బీ తిట్టలేదు. తలెత్తి, మెల్లగా చెప్పింది.

"మీరు లేదన్నట్టు మా ఆయనకు నేను చెప్పలేదమ్మా. ఆశ ఉంటే పేణం నిలబడుద్దని, బండి కడతా ఉండారు, వస్తా ఉండాదని చెప్పినాను. మంచం మీద మోసుకుపోతా ఉన్నా వెనక్కి తిరిగి చూస్తానే ఉండినాడు. రాఘవమ్మ ఇంటి బండి, రాకుండా ఉంటదా అన్నాడు. మళ్ల మాట్లాడలా."